మా అమ్మ ఉద్దెర మీద నడుస్తున్న బడి భోజనం: బిల్లులు పాస్ చేసే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

సర్కారు బళ్ళలో మధ్యాహ్న భోజనం బిల్లులు చూసే ఆఫీసర్లకి, ఆ ఫైళ్ళ మీద సంతకం పెట్టే సార్లకి మేడమ్‌లకి, వాళ్ళ పైన ఉండే మంత్రులకి అందరికీ కలిపి ఒకటే లెటర్ రాస్తున్నా. విడివిడిగా రాద్దామంటే మా బిల్లు ఎవరి టేబుల్ దగ్గర ఆగిందో మాకు ఎప్పుడూ తెలియదు, కింద అడిగితే పైకి పంపినం అంటారు, పైన అడిగితే టోకెన్ పడింది కదా, అంటే ట్రెజరీలో బిల్లుకి నంబర్ వచ్చింది కదా అంటారు.

నేను తెలంగాణలో ఒక చిన్న ఊళ్ళో, ప్రైమరీ స్కూల్లో వంట చేసే అమ్మ కూతుర్ని. మా అమ్మ 2009 నుంచి అదే బడిలో వండుతుంది, అప్పుడు నేను ఏడో తరగతి. ఆ బడిలోనే నేను ఐదు వరకు చదువుకున్నా, ఆ అన్నమే తిన్నా, అప్పట్లో దొడ్డు బియ్యం, పప్పు నీళ్ళలా ఉండేది, అయినా గంట కొట్టంగానే పళ్ళెం పట్టుకుని ఉరికేవాళ్ళం. 2015 నుంచి సన్నబియ్యం వచ్చాయి, ఇప్పుడు వారానికి మూడు గుడ్లు కూడా ఉన్నాయి, మంచి జరిగిన కాడ మంచి జరిగిందనే చెప్తా. ఇప్పుడు నేను టౌన్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా షాపులో అకౌంట్స్ రాస్తా. కాబట్టి అప్పు అంటే ఏందో, లేటుగా వచ్చిన డబ్బు ఎవరి నెత్తిన పడుతుందో నాకు రోజూ కళ్ళ ముందు కనిపించే విషయం. అందుకే ఈ లెటర్ ఏడుపులాగా కాకుండా లెక్కలాగా రాయాలని కూర్చున్నా, మధ్యలో ఎక్కడైనా కోపం వస్తే ఏమనుకోకండి.

మా అమ్మ బడిలో పేర్లు ఉన్న పిల్లలు 58 మంది, రోజూ సుమారుగా 50 మంది తింటారు. 2025 మే నుంచి ప్రైమరీ పిల్లలకి ఒక పూట వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు చేశారు. అంటే 50 మందికి రోజుకి 339 రూపాయలు. బియ్యం మీరే ఇస్తారు, గుడ్ల డబ్బులు వేరే. ఆ 339లో పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పు, కారం, చింతపండు, గ్యాస్ అన్నీ రావాలి. మీ కొలత ప్రకారం పిల్లోడికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 50 మందికి కిలో పప్పు, రెండున్నర కిలోల కూరగాయలు, పావుకిలో నూనె అయితది. కందిపప్పు 130, కూరగాయలు కిలో 40 లెక్కన 100, నూనె 38, మిగతా కారం పోపు సామాన్లకి ఒక 40 వేసుకున్నా 308. మిగిలిన 31 రూపాయల్లో గ్యాస్ అన్నమాట. టమాట రేటు మంచిగున్న నెలలో ఎట్లనో నడుస్తది. 2023 జూలైలో కిలో టమాట వంద దాటి ఎక్కడికో పోయింది, అప్పుడు మీ రేటు పిల్లోడికి 5 రూపాయల 45 పైసలే, అంతకు ముందు సంవత్సరం అక్టోబర్‌లో పెట్టిన రేటు, మళ్ళీ మార్చింది 2024 డిసెంబర్‌లో. ఆ నెలంతా మా అమ్మ టమాట ముట్టకుండా చింతపండు చారు, సొరకాయ పప్పు పెట్టింది, పిల్లలు "పెద్దమ్మా మళ్ళా సొరకాయేనా" అని అడుగుతుంటే మొహం చూపించలేకపోయిన అని ఇంటికొచ్చి చెప్పేది.

అయినా సరే, నేను ఇవాళ రేటు గురించి కొట్లాడటానికి రాయట్లేదు. రేటు పెంచాలి, అది వేరే మాట. నేను అడిగేది టైం గురించి.

ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్. ఈ నాలుగు నెలల డబ్బులు ఇంకా రాలేదు. నెలకి 22 రోజులు బడి నడిస్తే వంట ఖర్చు 7,458. వారానికి మూడు లెక్కన నెలకి 13 గుడ్ల రోజులు, 650 గుడ్లు, ఒక్కోటి ఆరు రూపాయలే వేసుకున్నా 3,900. మొత్తం 11,358. దసరా సెలవులు తీసేసి, పిల్లలు తక్కువొచ్చిన రోజులు తీసేసి మా అమ్మ నోట్‌బుక్ ప్రకారం నాలుగు నెలలకి రావాల్సింది 41,260 రూపాయలు. మీకు అది చిన్న అమౌంట్, ఒక్క బడిది. కానీ ఆ డబ్బు పెట్టి నడిపిస్తున్న మనిషి నెల జీతం ఎంతో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జీతం కూడా కాదు, మీ కాగితాల్లో గౌరవ వేతనం అని రాస్తారు, నెలకి 3,000. అందులో 2009లో పెట్టిన వెయ్యి ఇప్పటికీ అదే వెయ్యి, కేంద్రం 600 రాష్ట్రం 400, దాని మీద రాష్ట్రం రెండు వేలు కలిపింది. అది కూడా సంవత్సరానికి పది నెలలే. ఆ మూడు వేలు కూడా ఇప్పుడు పెండింగ్‌లోనే ఉంది. మూడు వేల మనిషి సర్కారుకి నలభై ఒక్క వేలు అప్పిచ్చి కూర్చుంది సార్.

ఎక్కడి నుంచి తెచ్చింది అంటే చెప్తా. మా ఊళ్ళో కిరాణా సేటు ఇరవై వేల దాకా ఉద్దెర ఇచ్చాడు, ఆ తర్వాత "ఏమనుకోకు చెల్లె, నాకూ మాల్ తెచ్చుకోవాలె" అన్నాడు, ఆయన్ని నేను తప్పు పట్టను, ఆయనదీ చిన్న షాపే. అప్పుడు అమ్మ మా నానమ్మ పెట్టిన కమ్మలు గిర్వి పెట్టింది, 25,000 తెచ్చింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి 500. తనతో వండే ఇంకొకామెకి గిర్వి పెట్టడానికి కూడా ఏం లేదు, అందుకని మొత్తం అమ్మ మీదే పడింది. నేను షాపులో ఎవరి ఖాతాలో ఏ ఖర్చు రాయాలో రోజూ చూస్తా, ఈ 500 ఏ ఖాతాలో రాయాలో నాకు అర్థం కాదు. పిల్లల భోజనం ఖర్చులో లేదు, అమ్మ జీతంలో లేదు, మీ బడ్జెట్‌లో లేదు. ఏ కాగితం మీదా లేకుండా ప్రతి నెలా ఒక మనిషి చెవుల నుంచి పోతుంది.

మా షాపుకి పసుపు, కారం పొడి పంపే ఒక చిన్న మిల్లు ఉంది. వాళ్ళకి మేం 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, చట్టం ఉంది, 2006లో చిన్న పరిశ్రమల కోసం తెచ్చింది, దాటితే బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ, అది కూడా చక్రవడ్డీ. ఈమధ్య ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా దాన్ని కలిపారు, టైంకి కట్టకపోతే ఆ ఖర్చు ఆ సంవత్సరం చూపించుకోనివ్వరు, అందుకని మార్చి వస్తే మా ఓనర్ ముందు ఆ మిల్లు బిల్లు కట్టమంటాడు. ఉపాధి హామీ చట్టంలో కూడా కూలి 15 రోజులు దాటి లేటైతే రోజుకి ఇంత అని నష్టపరిహారం రాశారు, రోజుకి 0.05 శాతం, చిన్నదే కానీ కనీసం లేటు అనేది ఒక తప్పు అని ఒప్పుకున్నారు. బడిలో వండే ఆమెకి మాత్రం అలాంటి ఒక్క లైను నాకు కనిపించలేదు.

రూల్స్ నేను చదివా. 2013 ఆహార భద్రత చట్టం కింద 2015లో మధ్యాహ్న భోజనం రూల్స్ వచ్చాయి. అందులో ఏముందంటే, ఏదైనా రోజు బియ్యం లేకనో, డబ్బు లేకనో, వండే మనిషి లేకనో పిల్లలకి అన్నం పెట్టకపోతే, ఆ పిల్లలకి ఆహార భద్రత భత్యం ఇవ్వాలి, వచ్చే నెల 15 లోపు. వరుసగా మూడు బడి రోజులు, లేదా నెలలో ఐదు రోజులు అన్నం ఆగితే బాధ్యులు ఎవరో రాష్ట్రం తేల్చాలి. మంచి రూల్. కానీ ఇది ఎప్పుడు లేస్తుంది? అన్నం ఆగినప్పుడు. మా అమ్మ పదహారేళ్ళలో తన వల్ల ఒక్క రోజు అన్నం ఆగనియ్యలేదు, జ్వరం వస్తే మా పిన్నిని పంపింది. అప్పు తెచ్చి పొయ్యి వెలిగించినందుకు, కాగితం మీద మా బడిలో ఏ సమస్యా లేదు. వంద శాతం భోజనం పెట్టిన బడి అది. ఆమె మూడు రోజులు పొయ్యి ఆర్పేస్తేనే మీ దగ్గర ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. నేను ఒకసారి అదే అన్నా, "అమ్మా మూడు రోజులు బంద్ పెట్టు, వాళ్ళే వస్తరు" అని. అమ్మ గుడ్ల ట్రే తుడుస్తూ "ఆ మూడు దినాలు పోరగాళ్ళు ఏం తింటరు బిడ్డా" అని మాత్రం అంది, ఇంక నేనేం మాట్లాడలేదు.

ఇంకో విషయం కూడా ఆ రూల్స్‌లోనే ఉంది, భోజనం డబ్బు తాత్కాలికంగా లేకపోతే హెడ్‌మాస్టర్ స్కూల్లో ఉన్న ఏ ఫండ్ అయినా వాడుకోవచ్చు, తర్వాత సర్దుకోవచ్చు అని. మా హెడ్‌మాస్టర్ సార్ మంచాయన, సొంత జేబు నుంచి కూడా రెండుసార్లు ఇచ్చాడు. కానీ ఇంతమంది పిల్లలున్న బడికి సంవత్సరం గ్రాంట్ 25,000. కరెంట్ బిల్లు, చాక్‌పీసులు, బాత్రూం క్లీనింగ్, రిజిస్టర్లు అన్నీ అందులోనే. మొత్తం తీసి భోజనానికి పెట్టినా రెండున్నర నెలలు దాటదు. అది కూడా టైంకి వస్తేనే.

ఇప్పుడు పిల్లల సంగతికి వస్తా, ఎందుకంటే మీలో కొందరు ఇది వంటవాళ్ళ జీతాల గొడవ, పిల్లలకి సంబంధం ఏంది అనుకోవచ్చు. నేను పని చేసేది షాపులో కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. నగదు ఇచ్చి కొనేవాళ్ళు సరుకు చేతిలోకి తీసుకుని చూస్తారు, వాసన చూస్తారు, ఇది వద్దు ఆ బస్తా విప్పు అంటారు. ఉద్దెరకి వచ్చిన మనిషి ఏం ఇస్తే అది తీసుకుపోతుంది. నాలుగు నెలలు బాకీ ఉన్న ఆమె "పప్పులో పురుగుంది, మార్చియ్యి" అని అడగలేదు. పోయిన నెల అమ్మ తెచ్చిన పప్పు అట్లాంటిదే, రాత్రి చాటలో పోసుకుని బల్బు కింద కూర్చుని పది గంటల దాకా ఏరింది, నేను ఆ వారం ఇంటికి పోయా కాబట్టి చూశా, ఏరి ఏరి పక్కన పెట్టింది పావుకిలో దగ్గర ఉంటుంది. అది మీ తూకంలో పిల్లలకి పెట్టినట్టే లెక్క, నిజానికి పెట్టలేదు, మళ్ళీ తన డబ్బుతో తెచ్చి కలిపింది. అందరూ అట్లా ఏరతారా? ఓపిక లేనివాళ్ళు, కంటిచూపు సరిగా లేనివాళ్ళు ఎంతమంది వండుతున్నారు? పిల్లలకి వాంతులైతే పేపర్లో వచ్చేది వంటామె ఫోటో, ముందు పని నుంచి తీసేసేది ఆమెని. ఆ రోజు ఆ నూనె ఏ ఉద్దెర మీద వచ్చిందో ఎవరూ అడగరు. 2013లో బీహార్ సారన్ జిల్లాలో విషం కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, పురుగుల మందు ఉన్న డబ్బాలో నూనె పోశారని తేలింది. ఆ కేసు వేరు, అక్కడి తప్పులు వేరు. కానీ పిల్లల పళ్ళెంలోకి వచ్చే నూనె మంచిది కొనుక్కునే స్వేచ్ఛ వండే మనిషికి ఉండాలి అని ఆ రోజే మనందరికీ అర్థం కావాల్సింది.

గుడ్ల సంగతి కూడా అంతే. ట్రేకి 30 ఉంటాయి, ఆటోలో వచ్చేసరికి రెండో మూడో పగులుతాయి, ఉడకబెట్టేటప్పుడు ఒకటో రెండో పగులుతాయి. బిల్లులో తిన్న పిల్లల లెక్కే ఉంటుంది, పగిలినవి అమ్మ లెక్క. ఈ చలికాలంలో బజార్లో గుడ్డు ఏడు దాటింది. గుడ్డు రోజు హాజరు ఎక్కువుంటుంది, ఇది ఏ టీచర్‌ని అడిగినా చెప్తారు. ఇప్పుడు పత్తి ఏరే సీజన్, తల్లులు చీకటితోనే చేలకి పోతారు, పిల్లలు పొద్దున ఏం తినకుండానో, రాత్రి అన్నం రెండు ముద్దలు తినో బడికి వస్తారు. పదకొండు నుంచే కిటికీ దగ్గరికొచ్చి "పెద్దమ్మా అయిందా" అని అడుగుతారు. సోమవారం అయితే అన్నం ఎక్కువ వండాలి అంటుంది అమ్మ, ఆదివారం ఇంటి దగ్గర సరిగా తినరు కాబట్టి సోమవారం ఇద్దరి తిండి ఒక్కరు తింటారట. రెండో తరగతి పాప ఒకామె ఉంది, గుడ్డు చేతిలో పెట్టంగానే తెల్లది ముందు తినేసి పచ్చసొన అన్నంలో మెత్తగా కలుపుకుని చివరికి తింటుంది, కలిపేటప్పుడు ఎవరితోనూ మాట్లాడదు, అంత శ్రద్ధ. ఆ పిల్లకి ఆ గుడ్డు వెనక కమ్మలు ఉన్నాయని తెలియదు, తెలియకూడదు కూడా.

ఈ అన్నం ఎవరి దయ మీదా రాలేదు. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు చెప్పింది, ప్రతి సర్కారు ప్రైమరీ బడిలో వండిన అన్నం పెట్టాలి, సంవత్సరానికి కనీసం 200 రోజులు అని. అప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో పిల్లల ఇంటికి నెలకి ఇన్ని కిలోలని బియ్యమే ఇచ్చేవాళ్ళు. 2003లో మన దగ్గర వండి పెట్టడం మొదలైంది, అప్పుడే మహిళా సంఘాల వాళ్ళకి అప్పజెప్పారు. 2013లో అది చట్టం అయింది. చట్టంలో అది పిల్లల హక్కు, మీ మీద బాధ్యత. ఆ బాధ్యతని మీరు నెలల తరబడి మా అమ్మలాంటి వాళ్ళ భుజం మీద పెట్టారు, అది కూడా ఆమెని అడక్కుండా. వంటల పని తీసి పెద్ద పెద్ద కిచెన్లకి ఇస్తే ఈ గొడవే ఉండదు అని కొందరంటారు, అరవై కిలోమీటర్ల అవతల వండి వ్యాన్‌లో తెచ్చిన అన్నం మా ఊరి పిల్లలు వేడిగా తినరు, దాని గురించి ఇప్పుడు నాకు ఓపిక లేదు.

డబ్బు లేక ఆలస్యం అంటే నేను నమ్మను. ఎంతమంది తిన్నారో హెడ్‌మాస్టర్ సార్ ఏ రోజుది ఆ రోజే ఫోన్లో ఎక్కిస్తారు. మధ్యాహ్నం రెండింటికల్లా మా బడిలో 47 మంది తిన్నారని మీకు తెలుసు. లెక్క అదే రోజు చేరుతుంది, డబ్బు నాలుగు నెలలైనా చేరదు. బియ్యం విషయంలో బడిలో నెల రోజుల నిల్వ ముందే ఉండాలి అని మీరే గైడ్‌లైన్ పెట్టారు, ఎందుకంటే అన్నం మధ్యలో ఆగకూడదని. పప్పుకి, గుడ్డుకి, గ్యాస్‌కి అదే ఎందుకు ఆలోచించలేదు? ఒక్క నెల వంట ఖర్చు జూన్‌లో బడి తెరిచేముందే ఏజెన్సీ, అంటే బడిలో వండేవాళ్ళ ఖాతాలో వేసి పెట్టండి, తర్వాత నెలనెలా వచ్చే బిల్లుతో అది నిండుతూ ఉంటుంది, సంవత్సరం చివర లెక్క చూసుకోండి. మా బడికి అయితే అది 11 వేల చిల్లర. దానితో అప్పు తెచ్చే పని సగానికి పైగా పోతుంది. ఇది మీకు కొత్త పథకం కాదు, పేరు పెట్టక్కర్లేదు, ఫ్లెక్సీ కట్టక్కర్లేదు.

ఇంకోటి, డబ్బు వేసినప్పుడు అది ఏ నెలదో, వంట ఖర్చా గుడ్లా గౌరవ వేతనమా చెప్పండి. ఇప్పుడు మెసేజ్‌లో ఒక అమౌంట్ మాత్రమే వస్తుంది. పోయిన జూలైలో 6,912 పడింది, అది ఏ నెలదో ఇప్పటికీ మాకు తెలియదు, ఏ బిల్లుకి కలిపినా సరిపోలేదు. అకౌంట్స్ రాసే నాకే అర్థం కాకపోతే ఐదో తరగతి దాకా చదివిన మా అమ్మ ఎవరిని అడగాలి? అడగటానికి మండలం ఆఫీసుకి పోతే ఆ రోజు వంట ఎవరు చేయాలి? పోయిన మూడుసార్లు ఆటోకి పెట్టిన డబ్బు కూడా నోట్‌బుక్‌లో రాసి ఉంది, 180 రూపాయలు.

లేటైతే వడ్డీ ఇవ్వాలని కూడా రాయండి రూల్స్‌లో. ఎంత అన్నది మీరే పెట్టండి. వడ్డీ మీద ఆశతో అడగట్లేదు, వడ్డీ కట్టాల్సి వస్తేనే ఏ నెలలో ఎవరి దగ్గర ఆగిందో పై వాళ్ళు చూస్తారు, మా ఓనర్ మార్చిలో చూసినట్టు.

ఈ లెటర్ రాస్తున్నా అని అమ్మకి చెప్తే భయపడింది, "పని తీసేస్తరేమో బిడ్డా, ఊరి పేరు రాయకు" అంది. అందుకే ఊరు రాయలేదు, పేరు రాయలేదు. మీరు వెతకాల్సిన పని కూడా లేదు, ఏ మండలంలో పెండింగ్ లిస్ట్ తీసినా మాలాంటి బడి దొరుకుతుంది.

సంక్రాంతి సెలవులకి బడి మూసేలోపు ఆ నాలుగు నెలల బిల్లులు పాస్ చేయండి. టోకెన్లు పడే ఉన్నాయి. 41,260 వస్తే సేటుకి 16,000 ఇచ్చి, మిగతాది పెట్టి కమ్మలు విడిపిస్తా అంటుంది అమ్మ. సేటుకి ఇంకా నాలుగు వేలు మిగులుతుంది, అది డిసెంబర్ బిల్లు వచ్చినప్పుడు.

ఇట్లు,
బడిలో వంట చేసే ఒక అమ్మ కూతురు